కాంతమ్మ ఏడుపు

...ఈ అవ్వ సెప్పేది రాసేటప్పుడు ఊరికే ఏడుపని రాస్తే సాలదు మనమరాలా. కాంతమ్మ ఏడుపని రాయి. మూడూర్లోళ్లకూ తెలుస్తాది.

ఆ పొద్దు కుప్పంలో నాటకం. మదనపల్లె బస్టాండులో కాంతమ్మను చూసి అందరూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? ఎడమ కనుబొమ ఇంట్లోనే దిద్దుకుంది, కుడిది కుప్పంలో దిద్దుకుంటుంది. వేషం పెట్టెను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చుంది.

“పెట్టె పైన పెట్టుమ్మా,” అన్నాడు కండక్టరు.

“దానికి బస్సు పడదప్పా. కక్కుకుంటాది. కిటికీ కావాల.”

నలభై ఏళ్లుగా ఆమె పని నవ్వించడమే. రాణులు పద్యాలు పాడి వెళ్లాక చెలికత్తె వేషంలో వచ్చి ఏడ్చేది. పొడుగ్గా రాగం తీసి, చివర ఆగేది. హార్మోనియం గురప్ప ఒకే మెట్టు నొక్కి ‘పీ’ అనిపించేవాడు. ఆమె హార్మోనియంకేసి ఉరిమి చూసేది. జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఒకరోజు ఆ మెట్టు మీద తన స్టిక్కర్ బొట్టు తీసి అంటించింది.

“ఇది నాది. రాణులకు వాయిస్తే వొప్పను.”

తల్లి పోయినప్పుడు నిజంగానే ఏడ్చింది. పాడె మోసేవాళ్లు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆమెకు ఉండేది ఒక్కటే గొంతు. ఆ తర్వాత ఏ చావింట్లోనూ నోరు తెరవలేదు.

బస్సు పుంగనూరు చేరుతుండగా ఫోను వచ్చింది. తెల్లవారుజామున గురప్ప పోయాడు. అతని ఇల్లు పుంగనూరులోనే. పెట్టెతో అక్కడే దిగిపోయింది.

అతన్ని వాకిట్లో పడుకోబెట్టారు. తలాపున హార్మోనియం. కాంతమ్మను చూడగానే కొందరు నవ్వు రాకుండా మొహాలు తిప్పుకున్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడవారన కూర్చుంది. ఏడిస్తే గురప్ప చావు నవ్వులపాలవుతుంది. ఏడవకపోతే అతనికి తన ఏడుపు దక్కదు.

“రాయి మాదిరి కూసోనుండాది సూడు,” అంది ఒక ముసలామె.

గురప్ప భార్య రెడ్డెమ్మ వచ్చి చేయి పట్టుకుంది. “ఏడ్సు కాంతక్కా.”

“వద్దు రెడ్డెమ్మా. నవ్వుతారు.”

“నవ్వనీ. ఇంటికొచ్చి నీ ఏడుపే సెప్పి సెప్పి నవ్వేటోడు. అది ఇనకుండా యాల పోవాల ఆయప్ప?”

కాంతమ్మ కొంగు తీసి రాగం ఎత్తుకుంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రెడ్డెమ్మ కూడా నవ్వింది. రాగం చివరికొచ్చి కాంతమ్మ అలవాటుగా ఆగింది. హార్మోనియంకేసి చూసింది.

ఎవరూ నవ్వలేదు.

మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి గొంతు లేవలేదు.

గురప్పను తీసుకెళ్లాక కుప్పం బస్సెక్కింది. వేషం ఉంది కదా. ఈసారి పెట్టెను ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన తానే కూర్చుంది.

ఇది గురప్ప కూతురు వీణకు సదివి ఇనిపించు తల్లీ. నాయన మొగం ఆకరిసారి సూసేదానికి రాలేకపాయ ఆ బిడ్డ. హార్మోనియం ఎవరికిచ్చినా ఇయ్యనీ, మెట్టు మీద ఆ ఎర్ర బొట్టు మాత్రం గీకొద్దని సెప్పు.