ఫ్రేమ్ ఊగిన చోటు

"ఒక్క పని చెప్తే అదీ సరిగ్గా చెయ్యవు. చెయ్యి వణక్కుండా ఫోన్ పట్టుకోవడానికి ఏం రోగం నీకు?"

పొయ్యి మీద పాలు ఓ కంట కనిపెడుతూ ఆయన బూట్లు తుడుస్తున్నాను. ముందురోజు నేను తీసిన వీడియో ఆయన చేతిలో ఆడుతోంది.

"సారీ అండీ" అన్నాను.

కంపెనీకి కొత్తగా వచ్చిన పెద్దాయనకి గోల్ఫ్ పిచ్చి. పక్కన నిలబడి ఆడగలిగినవాడికే పై కుర్చీ అని ఆఫీసులో గుసగుస. అందుకే మా ఆయన ఈ వయసులో స్టిక్ పట్టుకున్నారు. గొప్ప ఆటగాళ్ళ వీడియోల పక్కన మన వీడియో పెట్టి చూసుకుంటే ఆట తొందరగా పట్టుబడుతుందని ఎవరో చెప్పారట. బంతిని కొట్టడం ఆయన వంతు, మిగతాదంతా నా వంతు. వీడియో తియ్యాలి, ఇంటికొచ్చి వంట మధ్యలో దాన్ని ముక్కలు చేసి ఛాంపియన్ వీడియో పక్కన చేర్చాలి. మోచెయ్యి ఎక్కడ వంగింది, నడుము ఎక్కడ వెనకబడింది నెమ్మదిగా నడిపి పట్టుకోవాలి. పట్టుకున్నాక అన్నం వడ్డిస్తూ అసలు కష్టమైన పని చెయ్యాలి. "ఇక్కడ నడుము కొంచెం... నాకు తెలీదులెండి, మీరే చూడండి." అప్పుడు ఆయనే చూసి, ఆయనే కనిపెట్టి, "చూశావా, పట్టేశాను!" అనేవారు. "మొగుడితో ఆటలకెళ్ళే యోగం అందరికీ ఉంటుందా" అనేవారు అత్తగారు, నా వైపు ఖాళీ గ్లాసు జరుపుతూ.

ఆ ఆదివారం ప్రాక్టీస్ హాల్లో కోచ్ అందరి వీడియోలూ పెద్ద తెర మీద వేశాడు. ఆయన స్నేహితులు, వాళ్ళ భార్యలు, అందరం కుర్చీల్లో ఉన్నాం.

"బంతి దగ్గర తప్పు వెతక్కండి సార్. అది అంతకుముందే జరిగిపోయి ఉంటుంది. వెనక్కి వెళ్ళాలి" అన్నాడు కోచ్.

మా ఆయన వంతు వచ్చింది. తెర మీద స్టిక్ లేచింది, దిగింది, బంతి తప్పింది. బొమ్మ ఒక్కసారిగా కిందికి ఊగింది.

"మా ఆవిడ చెయ్యి! ఎన్నిసార్లు చెప్పినా అంతే" అన్నారాయన.

"ముందు వదినకి కోచింగ్ ఇప్పించు గురూ!" అన్నాడు వెనక నుంచి స్నేహితుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎందుకు ఊగిందో చూద్దాం" అంటూ కోచ్ వెనక్కి తిప్పి, ఒక్కో ఫ్రేమే వదలసాగాడు.

తెర మీద ఆయన వెనక గోడంతా అద్దం. ఇంట్లో ఎన్నిసార్లు నడిపినా ఆయన నడుము మీదే నా కన్ను, అటు చూడనే లేదు. అందులో ఫోన్ పట్టుకున్న ఆడది. నేను.

బంతి తప్పింది. ఆయన ఇంకా కిందికే చూస్తున్నారు. నోరు మూసే ఉంది. ఇటు తిరగనైనా లేదు. అద్దంలో ఆడదాని మెడ మాత్రం అప్పటికే భుజాల్లోకి కుంగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. మోచెయ్యి మొహానికి అడ్డంగా లేచింది. ఫోన్ ఊగింది. ఆ తర్వాతే ఆయన తిరిగారు.

కోచ్ చెయ్యి ఆగిపోయింది. నవ్వులూ ఆగాయి. "సరే... తర్వాతి వీడియో చూద్దాం" అన్నాడు.

పక్కనున్న స్నేహితుడి భార్య నా చేతి మీద చెయ్యి వేసింది. గబుక్కున లాక్కున్నాను. ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు. ఆ మాట అక్కాచెల్లెళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని. మరి తెర మీది ఆ మనిషి ఎవరి దెబ్బకి అంతలా ముడుచుకుపోయింది? అంతమందిలో చీర జారిపోయినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

"నలుగురిలో పరువు తీశావు. నేనేదో కొట్టినట్టు ఏంటా వేషాలు?" అన్నారు కారులో.

"సారీ అండీ."

నోరు దానంతటదే అనేసింది. తెర కంటే ఆ మాటే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది.

మర్నాడు నేను పనిచేసే ల్యాబ్‌లో ఆఫీసర్ గది తలుపు కిర్రుమంటే చేతిలో పరీక్షనాళిక అలాగే ఉండగా గమనించాను. మెడ మళ్ళీ కుంగింది. కోచ్ చెప్పినట్టు వెనక్కి వెళ్ళాను. వెళ్ళగా వెళ్ళగా మా అమ్మ వంటగది వచ్చింది. "నాన్నగారొస్తున్నారు, తప్పుకో" అంటూ గోడకి అతుక్కుపోయే అమ్మ మెడ.

భోజనాల వేళ ఫోన్ తీశాను. "ఆడవాళ్ళ స్వింగ్ మనకెందుకు, తీసెయ్" అని ఆయన పక్కన పెట్టించిన వీడియోలే వెతికాను. స్టిక్ ఊపే తీరు చూడలేదు. బంతి తప్పాక ఏం చేస్తారో చూశాను. ఒకామె బంతి నీళ్ళలో పడింది. అది పడ్డ చోటు చూసింది, ఊపిరి వదిలింది, స్టిక్ సంచిలో పెట్టి నడిచింది. ఎవరి మొహం వైపూ చూడలేదు. ఆ ముక్కనే నెమ్మదిగా నడిపి చూశాను. ల్యాబ్ బాత్రూమ్ అద్దం ముందు గడ్డం ఎత్తి నిలబడ్డాను. బయట ఎవరో తలుపు తడితే దొంగలా దించేశాను. మళ్ళీ ఎత్తాను.

శనివారం హాల్లో, "ఈసారన్నా కుదురుగా పట్టుకో" అన్నారు.

స్టిక్ లేచింది, దిగింది. బంతి తప్పింది. మెడ లోపలికి పోబోయింది. ఆపాను. కళ్ళు మూతపడబోయాయి. తెరిచే ఉంచాను.

ఆయన తిరిగారు. "ఏంటలా చూస్తున్నావ్? వచ్చిందా?"

"వచ్చింది. ఫోన్ కదల్లేదు. మీ నడుము ఆలస్యంగా తిరిగింది."

ఆయన అలాగే నిలబడ్డారు, నేనెప్పుడూ చివర చేర్చే 'నాకు తెలీదులెండి' కోసం. నేను చేర్చలేదు.