బ్యాంకువారి ఆవు

ఆవు చచ్చిందని ఫోన్ రాగానే మొఫిజుల్‌కి ముందు తన ఉద్యోగమే గుర్తొచ్చింది.

తప్పు అతనిదే మరి. వాళ్లది ఇస్లామిక్ బ్యాంకు, వడ్డీకి డబ్బివ్వదు. ఆవును తానే కొని, కాస్త లాభం వేసుకుని, పేదవాళ్లకు వాయిదాల మీద అమ్ముతుంది. అమ్మానని బ్యాంకు, కొన్నానని మనిషి నోరు తెరిచి చెప్పేదాకా ఆవు బ్యాంకుదే. ఈలోగా చస్తే నష్టమూ బ్యాంకుదే. సంత రోజున ఆ రెండు ముక్కలూ చెప్పించడానికి బద్ధకించి, "ముందు తోలుకుపో ఆపా, శుక్రవారం వచ్చి చెప్పిస్తాలే" అని కొహినూర్ అక్కని పంపేశాడు మహానుభావుడు. గురువారమే ఆవు కడుపుబ్బి పోయింది. ఇప్పుడు ఆవు ధర టాకాలన్నీ అతని జీతంలోంచే కోస్తారు, ఆపైన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

జమునా నది దాటి, పడవ దిగి, లంక ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. కొహినూర్ గుడిసె ముందు కూర్చుని ఉంది. మొగుడు పోయిన మనిషి. ఆవు మీద గోనెపట్టా కప్పింది.

"ఏడవకే! మనదైతే కదా ఏడవడానికి!" అత్త కసిరింది. "బాబూ, నువ్వే చెప్పు. అమ్మకం మాటలు కాలేదుగా? మీ ఆవు, మీరే పూడ్చుకోండి."

"కాలేదు పెద్దమ్మా." ఒప్పుకున్నాడు మొఫిజుల్.

కొహినూర్ తలెత్తింది. "సార్, ప్రతి మీటింగులో మీరేగా చెబుతారు, నష్టం మొయ్యనివాడు లాభం తినకూడదని? వడ్డీవాడు చేసే పాపం అదేనని?"

"అవును."

"ఈ నాలుగు రోజులూ దీని పాలు పిండి టీకొట్టుకి పోశాను. ఆ డబ్బుతోనే బియ్యం తెచ్చుకుని తిన్నాం. లాభం నేను తిని నష్టం మీదంటే, వాడికీ నాకూ తేడా ఏముంది? ఆవు నాదే. రాసుకోండి."

"నీ నోట మన్నుపడ! ఏం తిని కడతావే?" అత్త నెత్తి కొట్టుకుంది.

మొఫిజుల్‌కి తెలుసు. పాల డబ్బు తిరిగిచ్చేస్తే చాలు, ఆవు ధర ఆమె కట్టక్కర్లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఉద్యోగం కోసం పలుకుబడి ఉన్న బావమరిది ఇంటి చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఛీ, ఏం బతుకు! నోరు మూసుకున్నాడు.

అమ్మకం కాగితం తీసి, సంత రోజు తేదీ వేసి, వేలిముద్ర వేయించుకున్నాడు. సిరా కొంగుకి తుడుచుకుంటూ ఆమె అడిగింది.

"సరిగ్గానే చెప్పానా సార్? చదువురానిదాన్ని. ధర్మం తప్పి మాట్లాడితే అల్లా ఊరుకోడు."

"సరిగ్గానే చెప్పావు ఆపా."

ఆ మాటతో ఆమె మొహం కాస్త తేటపడింది.