ఊ కొట్టే మనిషి

"ఊ కొట్టనీకె గూడ యూనివర్సిటోళ్ళు పిలవాల్నా నిన్ను?" అని మా ఆయన పడీపడీ నవ్విన రోజు నేను చాటలో బియ్యం చెరుగుతున్నాను. చెయ్యి ఆగలేదు. అలవాటు కొద్దీ ఆ మాటకు కూడా "ఊ" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

అరవై ఏడు నాటి సంగతి. తార్నాకలో రైలు పట్టాల ఇవతల మా అద్దె ఇల్లు. ఆయన క్యాంపస్‌లో గుమాస్తా. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కున్న దగ్గర్నుంచీ మొదలయ్యేది. సారు ఏమన్నాడు, తనేం జవాబిచ్చాడు, ఎవరికి అన్యాయంగా ప్రమోషన్ వచ్చింది. నేను పొయ్యి ఊదుతూ ఊ, కూర కలుపుతూ ఊ, అంట్లు తోముతూ ఊ. నాకూ చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. నేను నోరు తెరిస్తే "ముందు మంచినీళ్ళియ్యి" అనేవారు.

ఆ ఏడే యూనివర్సిటీ వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తార్నాక బడిలో ఆడవాళ్ళకు కథల కూటం పెట్టారు. ఎవరి ఊరి కథ వాళ్ళు చెబితే యూనివర్సిటీ నుంచి వచ్చే విశాలాక్షి మేడం టేపురికార్డరులో పట్టేవారు. తర్వాత ఆ మాటల్నే పలకల మీద రాయించి అక్షరాలు నేర్పేవారు. తమ నోటి మాట తామే చదువుకుంటుంటే ఆ ఆడవాళ్ళ మొహాలు చూడాలి!

మొదటి ఆదివారం గోల్నాక నుంచి వచ్చిన కాశమ్మ చెప్పడానికి కూర్చుంది. చప్పుడైతే టేపు పాడవుతుందని మేడం ముందే హెచ్చరించారు. అందరం ఊపిరి బిగబట్టాం. కాశమ్మ రెండు మాటలు చెప్పి ఆగింది. మమ్మల్ని పరకాయించి చూసింది.

"ఏందమ్మా, ఎవ్వలూ ఊ గొడ్తలేరు? గోడకు చెప్పాల్నా కథ?"

మేడం పకపకా నవ్వారు. "నాదే తప్పు పెద్దమ్మా" అని, పక్కనున్న నాతో, "అమృతమ్మగారూ, మీరు కొట్టండి" అన్నారు.

అంతే, అది నా పని అయిపోయింది. కథలో దుఃఖం వస్తే నా ఊ సన్నబడేది. దయ్యం వస్తే గొంతులోనే ఆగేది. "నీ ఊ మంచిగున్నది బిడ్డా, కథ దానంతటదే నడుస్తది" అనేది కాశమ్మ. పెళ్ళయ్యాక నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు.

ఒకసారి మమ్మల్ని ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కించి, ఒక గదిలో కూర్చోబెట్టి ఆ టేపులు వినిపించారు. రోజూ ఆయనకు టిఫిను కట్టి పంపే చోటే, నేను అడుగు పెట్టడం మాత్రం అప్పుడే. ఆయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు. కాశమ్మ గొంతు, మధ్యమధ్య నా ఊ. ఇంటికొచ్చాక పడీపడీ నవ్వారని మొదట చెప్పిన నవ్వు అదే.

ఆ రోజు కాలేజీ మెట్లు దిగి తిరిగొచ్చేటప్పుడు కాశమ్మ అడిగింది, "మరి నువ్వెప్పుడు చెప్తవే?" అని.

కొంగతో పోయి ఆకాశం చూసొచ్చిన పిల్ల కథ మా అమ్మ నాకొక్కదానికే చెప్పింది. అమ్మ పోయింది. నేను చెప్పకపోతే అది నాతోనే పోతుంది. వేసవికి కూటం మూసేముందు చివరి ఆదివారం నా వంతని మేడం ఖాయం చేశారు.

ఆ ముందురోజు ఆయన చెప్పులు విడుస్తూనే, "రేపు మా ఉమాపతి సారు భోజనానికొస్తున్నరు. కోడికూర చెయ్యి. బడికి పోకు" అన్నారు.

"రేపు నా కథ ఉన్నది."

"కథేంది కథ! వచ్చే ఏడు చెప్పు, ఏం మునిగిపోతది?"

ఆ మాటకు నా నోట ఊ రాలేదు.

ఆదివారం పొద్దున్నే కూర వండి, అన్నం వార్చి, గిన్నెల మీద మూతలు పెట్టాను. విస్తళ్ళు కడిగి ఉంచాను. గడప దగ్గర నిలబడి, "అంతా అయ్యింది. వడ్డించుకోండ్రి" అని నడిచాను.

బడిలో కాశమ్మ నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను మొదటి మాట అనగానే "ఊ" అంది. అబ్బ, ఎంత హాయి! ఏడ్చాను, నవ్వాను, ఆకాశం దాకా పోయి వచ్చాను. ఈ వయసులో కూడా ఆ ఊ వినబడితే కళ్ళు చెమరుస్తాయి.

ఇంటికొచ్చేసరికి ఎంగిలి విస్తళ్ళు అక్కడే ఉన్నాయి. ఆయన మొదలుపెట్టారు.

"సారు ముంగట నా ఇజ్జత్ తీసినవ్. చెయ్యి కడుక్కోనీకె నీళ్ళిచ్చేటోళ్ళు లేరు..."

నేను గోడకానుకుని కూర్చుని ఆయన మొహంలోకి చూశాను. ఇంకో మాట అని ఆగారు. మళ్ళీ మొదలుపెట్టి మధ్యలోనే తడబడ్డారు.

"ఏందే, వింటున్నవా?"

వింటూనే ఉన్నాను. ఊ మాత్రం కొట్టలేదు.