ఆదెమ్మ మాట మోయని మైకు

నేను ఒక మైకును. మాట్లాడేది నేనేనని కొందరు పొరబడతారు. నిజానికి నాకు నోరు లేదు, ఉన్నదల్లా చెవి. ఫ్యాక్టరీలో ఆ చెవికి ఇనుప జల్లెడ తొడిగి, అట్టపెట్టెలో పెట్టి పంపితే, కనిగిరి దగ్గర సౌండ్ సర్వీసు నడిపే మౌలాలి నన్ను కొనుక్కున్నాడు. పాతికేళ్లుగా ఆయన గుడ్డసంచీయే నా ఇల్లు.

ఈ చుట్టుపక్కల నాయకులంతా నా ముందు గొంతు సవరించుకున్నవాళ్లే. కాలం ఎలాంటిదో నాకు వాళ్ల మాటల కంటే జనం చప్పట్లే బాగా చెబుతాయి. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక ముసలి సర్పంచి, "బడి కట్టిస్తానన్నాను, కట్టించలేకపోయాను, తప్పు నాదే" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొన్నేళ్లకు ఒక సినిమా హీరో వచ్చి తొడగొట్టి, "ఎవడొస్తాడో రమ్మను" అన్నాడు. వచ్చేవాడెవడూ లేడు, అయినా పందిరి ఊగిపోయింది. ఈమధ్య ఒకాయన అరగంటసేపు తన కార్ల గురించి చెప్పుకున్నాడు. కార్లు లేని జనం దానికీ కొట్టారు. జనానికి ఏది రుచో నాయకులు అదే వడ్డిస్తారు కాబోలు. ఇదంతా చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. నిరుటి నుంచి ఆ నవ్వు రావడం లేదు.

నిరుడు ఎండాకాలం తుమ్మలగుంటపల్లెలో మండల నాయకుడి చేతుల మీదుగా మంచినీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవం జరిగింది. ఇలాంటి సభల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఊరివాళ్లలో ఒకరు వేదికెక్కి నాయకుడికి కృతజ్ఞతలు చెప్పి దణ్ణం పెడతారు. దణ్ణం పెట్టగానే జనం చప్పట్లు కొడతారు. ఆ రోజు ఆ పనికి ఆదెమ్మను పిలిచారు. చేతికి రాసిచ్చిన కాగితం ఆమె మడిచి రొంటిన దోపుకుంది. ఆరేళ్ల మనవరాలిని ముందు నిలబెట్టి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యా, ఈ ట్యాంకులో నీళ్లు పొద్దున లారీతో తెచ్చి పోసినయ్యి. గొట్టం ఇంకా మా ఊరికే రాలా. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి నా కాళ్లు వంగిపొయినయ్యి, పోనియ్. ఈ పిల్ల కాళ్లు చూడండయ్యా..."

మొదటి మాటకే మండల నాయకుడు మౌలాలి వైపు చూసి వేలు కిందికి దించాడు. మౌలాలి బటను తిప్పేశాడు. నేను ప్రతి అక్షరం విన్నాను. ఆ తర్వాత ఒక్కటీ బయటికి పంపలేకపోయాను. నా చెవిలో పడ్డ మాట నాలోనే ఆగిపోయింది. మైకు మొరాయించడం మామూలే గనక ఎవరికీ అనుమానం రాలేదు. ఆదెమ్మకు వేదిక ఎక్కడం అదే మొదటిసారి. తన మాట బాకాల్లోంచి పోవడం లేదని ఆమెకెలా తెలుస్తుంది? చెప్పాల్సిందంతా చెప్పి దణ్ణం పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

మౌలాలి బటను మళ్లీ తిప్పాడు. నాయకుడు లేచాడు. "ఆదెమ్మ గారి మాట నా గుండెల్లో పెట్టుకుంటాను!" అన్నాడు. ఆ మాటను మాత్రం ఊరి చివర పశువుల పాకదాకా ఖంగుమని మోశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సభ అయిపోయాక మౌలాలి వైర్లు చుట్టుకుంటుంటే, ఆదెమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నీ మైకు సల్లగుండ నాయనా! అందరూ ఇన్నారు, చప్పట్లు గూడా కొట్టినారు. ఆయన గుండెల్లో పెట్టుకుంటానన్నాడు గదా, ఇంక గొట్టం వచ్చేసుద్ది. ఈ పిల్ల కాళ్లన్నా నిలబడతయ్యి."

మౌలాలి తల వంచుకుని వైరు చుడుతూనే ఉన్నాడు.

"నా మాట బాగా వినపడిందా నాయనా?" అని అడిగింది.

"వినపడిందమ్మా," అన్నాడు మౌలాలి.