కదిలే గుర్తు

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిన మొదటి రోజు మస్తానయ్య వల ముట్టుకోడు. ముందు తమ్ముడు పెంచలయ్య దగ్గరికి పోవాలి. ఎప్పటిదో తుపానులో పెంచలయ్య మునిగిన చోట, నీళ్ల అడుగున ఒక బండ ఉంది. శవం దొరకలేదు కాబట్టి ఆ బండే సమాధి. ఏటా అక్కడ పసుపునీళ్లు చల్లి, కొబ్బరికాయ వదిలి, తమ్ముడితో నాలుగు మాటలు మాట్లాడాకే వేట.

బండను కనిపెట్టేది ఒడ్డు గుర్తులతో. గుడి గోపురం లైట్‌హౌసు వెనక దాక్కోవాలి, మూడు తాటిచెట్లు నీళ్ల ట్యాంకు పక్కకు రావాలి. పోర్టు పెంచడానికి ఆ చెట్లు కొట్టేస్తారని పోయినేడే తెలిసింది. మస్తానయ్య తెలివి తక్కువవాడా? చెట్ల పక్కనే నిలబడ్డ ఎర్ర క్రేనును గుర్తు పెట్టుకుని, తన ముందుచూపుకి తానే మురిసిపోయాడు.

ఈ ఏడు చెట్లు లేవు. క్రేనును చూసుకుంటూ పడవలో పోయి, తాడుకు కట్టిన సీసపు గుండు జారవిడిస్తే, టక్కుమని బండకు తగలకుండా మెత్తగా ఇసుకలో దిగింది. పొద్దంతా వెతికి కాయతో తిరిగొచ్చాడు. మొక్కిన కాయ ఇంట్లోకి తేకూడదని గుమ్మం బయటే పెట్టాడు.

అల్లుడు శివ ఆ క్రేను నడిపేవాడే. విని ముందు నవ్వాడు, మామ మొహం చూసి ఆపాడు.

"దానికి పట్టాలుండాయి మామా. ఓడ ఏడాగితే ఆడికి పోతాది."

ఓడ లేని రోజు ఇంజనీరును అడిగి, పాత చోట నిలబెడతానన్నాడు. ఆ చోటు శివకూ తెలుసు, చిన్నప్పుడు ముంజెలు తిన్న చెట్లవి.

కానీ ఓడ వెనక ఓడ వస్తూనే ఉంది. ఊళ్లో అందరి వలలూ తడిశాయి, మస్తానయ్య వల ఎండుతోంది. ఒక సాయంత్రం ఒడ్డున నిలబడి, ఓడలు ఆగిపోవాలని తమ్ముడికే మొక్కుకున్నాడు.

ఆగిపోయాయి. జెట్టీ బోసిపోయింది. కూలీలకు అన్నం క్యారేజీలు పంపే కూతురు స్వర్ణ గిన్నెలు బోర్లించి కూర్చుంది. కూలీల కాలనీలో టీ కొట్టువాడు కూడా పొయ్యి ఆర్పేశాడు. మస్తానయ్యకు మాత్రం లోపల సంతోషం. ఆ సంతోషానికి సిగ్గుపడి కూతురి మొహం చూడలేకపోయాడు.

శివ మాట నిలబెట్టుకున్నాడు. తన ఫోను మామ చేతికిచ్చి, బండ దొరగ్గానే ఈ బొత్తాం నొక్కితే చోటు అందులో ఉండిపోతుందని, ఇంక ఏ గుర్తూ అక్కర్లేదని చెప్పి, క్రేను ఎక్కాడు.

సముద్రం మీంచి చూస్తే క్రేను ట్యాంకు పక్కకు వచ్చింది. గుండు టక్కుమంది. ఆ చప్పుడుకి మస్తానయ్య పడవలోనే కూలబడి ఏడ్చాడు. బొత్తాం నొక్కి, పసుపునీళ్లు చల్లి, ఎండిపోయిన కాయను నీళ్లలోకి వదిలాడు. తల ఎత్తితే తూర్పున ఓడ, నిండు బరువుతో, ఎవరి పిలుపు కోసమో ఆగి ఉంది.

"తమ్ముడా, ఓడలు రాకూడదని మొక్కినాను. బిడ్డ కూటికి అడ్డం మొక్కినానురా. ఆ మొక్కు తీసుకోబాక."

కాయ అలల మీద కాసేపు ఊగి, పడవను వదిలి పోయింది. ఒడ్డున ఎర్ర క్రేను మెల్లగా కదిలింది, ఓడలోని సరుకు దించడానికి.