సగం గడ్డం

దొర అని పేరు పెట్టింది స్నేహితులే, ఎవరి దగ్గరా కప్పు టీ కూడా ఊరికే తాగడని. ఇవ్వడం మాత్రం రెండు చేతులా ఇస్తాడు, ఇచ్చి నెత్తినెక్కి కూర్చుంటాడు. దొరకీ ఓ సెలూన్ ఉండేది. పక్కవీధిలో ఇంకో సెలూన్ నడిపే పొట్టివాడికి ప్రతి ఆదివారం తన దగ్గర తానే గడ్డం గీసేవాడు. పొట్టివాడు తిరిగి గీస్తానంటే, "నా మెడ నీ కత్తి కిందా? నాకింకా బతకాలని ఉందిరా" అనేవాడు. పొట్టివాడు నవ్వి ఊరుకునేవాడు. ఆ మాటకి అతను ఎంత నొచ్చుకున్నాడో చూసేంత తీరిక దొరకి ఏనాడూ లేదు.

పక్షవాతం వచ్చి దొర కుడిచెయ్యి పడిపోయింది. సెలూన్ మూతపడింది. తాళాలు బాగుచేసే స్నేహితుడు చేతికర్ర తెచ్చిస్తే, "కుక్కల్ని కొట్టడానికి పనికొస్తుందిలే" అన్నాడు. టాక్సీ నడిపే స్నేహితుడు ఆస్పత్రికి దింపుతానంటే, "నీ బండెక్కితే ఆ రెండో చెయ్యీ పోతుంది" అన్నాడు. వాళ్ళు గుమ్మం దాటకముందే, "జాలి పడ్డానికి తయారయ్యారు వెధవలు" అని భార్యతో గట్టిగా అన్నాడు. వాళ్ళు విన్నారు. మళ్ళీ రాలేదు.

ఇక మిగిలింది పొట్టివాడొక్కడే. అతను కూడా మానేస్తే తనకంటూ మనిషి ఉండడని దొరకి తెలుసు. తెలిసినా నోరు ఊరుకోదు కదా!

ఓ ఉదయం పొట్టివాడు సామాను సంచీతో వచ్చి, గడ్డం మాసిన దొరని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏంట్రా ఆ నురుగు? గిన్నెలు తోముతున్నావా?" అని మొదలుపెట్టాడు దొర. "కత్తి పట్టుకోవడం చూడు, కూరలు తరిగేవాడిలా. నీ దగ్గరికి జనం ఎలా వస్తున్నార్రా?"

"కాసేపు నోరు మూసుకోండి, తెగుతుంది" అంది భార్య వంటింట్లోంచి.

"వీడి చేతిలో తెగకపోతేనే వింత. ఇన్నాళ్ళూ నేను గీశాను కాబట్టి వీడు మనిషిలా కనబడ్డాడు."

కత్తి ఆగింది. అప్పటికి కుడిచెంప మాత్రమే అయింది. పొట్టివాడు కత్తి తుడిచి, మడిచి, సంచీలో పెట్టుకున్నాడు.

"మిగతాది నువ్వే గీసుకో దొరా" అని వెళ్ళిపోయాడు.

దొర ఎడమచేత్తో ప్రయత్నించాడు. నెత్తురు చూసి భార్య కత్తి లాక్కుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూశాడు. ఒకసారి పాలవాడు, ఒకసారి పక్కింటావిడ. మూడోరోజు ఆ కుక్కల్ని కొట్టే కర్రే పట్టుకుని, సగం గడ్డంతో, తానే బయల్దేరాడు.

పొట్టివాడి సెలూన్ నిండుగా ఉంది. అతని మొహం చూసి ఒకడు పక్కకి తిరిగి నవ్వాడు. "అక్కడ కూర్చో" అన్నాడు పొట్టివాడు తలెత్తకుండా. తర్వాత వచ్చినవాళ్ళని కూడా ముందు పిలిచాడు. దొరకి ఒళ్ళు మండిపోయింది. లేచి పోదామంటే మళ్ళీ ఎవరూ రాని ఆ ఇంటికే పోవాలి. అందుకని కూర్చున్నాడు.

చివరికి పిలుపొచ్చింది.

"ఈ కుర్చీలో మాట్లాడకూడదు" అన్నాడు పొట్టివాడు.

దొర తల వెనక్కి వాల్చాడు. గోరువెచ్చని నీళ్ళు, మెడ మీద కత్తి. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో తెలిసి అతనికి ఏడుపొచ్చింది. ఇంత మంచి చేతిని ఇన్నేళ్ళూ దగ్గరికి రానివ్వలేదు.

పొట్టివాడు అద్దం పట్టాడు. గడ్డం నున్నగా ఉంది, కానీ ఎడమ చెవి పక్క జుట్టు రెండోవైపు కన్నా వేలెడు పైకి తెగి ఉంది. బడిపిల్లాడైనా పట్టేస్తాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దొర మింగేశాడు.

"బాగుందిరా" అన్నాడు.

"అది కావాలనే కోశాను."

"తెలుసు."

"తెలిసే బాగుందన్నావా?"

"చెయ్యి బాగుందిరా. నిజంగా."

 పొట్టివాడు తువ్వాలు దులిపి, "అయితే ఆదివారం రా. రెండోవైపు కూడా పాడుచేస్తాను" అన్నాడు.

ఈసారి అందరూ పైకే నవ్వారు. దొర కర్ర అందుకుని, ఆ నవ్వుల మధ్యే, "వస్తాను" అన్నాడు.