ఐదింటిలోపు సంతకం

ఆ మాట నన్ను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. "మీ అమ్మాయి ఇంకా హైస్కూల్లోనే ఉన్నా, కాలేజీ క్లాసు మార్కులు అమ్మాయివేనండీ. తను రాసిస్తే తప్ప మీకు చెప్పకూడదు." కాలేజీ రికార్డుల కౌంటర్లో తొమ్మిదేళ్లుగా ఎంతమంది తల్లులకు చెప్పానో. ఒకావిడ, పదహారేళ్ల పిల్లకి తిండి తను పెట్టాలి గానీ మార్కులు మాత్రం తెలియకూడదా అని అద్దం మీద కొట్టింది. ఆవిడ వెళ్లాక నేనూ, పక్క కిటికీలో కూర్చునే ఒడీలియా నవ్వుకున్నాం.

హైస్కూల్లో ఉంటూనే ఇక్కడ కాలేజీ క్లాసులు తీసుకుంటున్న మా అమ్మాయి అరసెలీ కూడా ఆగస్టులో అలా రాసివ్వలేదు. ఆ కాగితం ఒడీలియా ఫైల్లో పెడుతుంటే చూశాను. తల్లిదండ్రులకు చూపవచ్చు అన్నచోట గడి ఖాళీగా ఉంది. మర్చిపోయావా అని ఇంట్లో అడిగాను. మర్చిపోలేదని చెప్పి, ప్లేటు కడుక్కోవడానికి లేచింది.

ఇవాళ నవంబరు శుక్రవారం, క్లాసు మానుకోవడానికి ఆఖరి గడువు. సాయంత్రం ఐదులోపు క్లాసు మానుకుంటే రికార్డులో మానుకున్నట్టు మాత్రం పడుతుంది. ఐదు దాటితే చివరికి ఏ మార్కు వస్తే అదే. హైస్కూలు క్లాసు తప్పితే వేసవిలో మళ్లీ చదివి సర్దుకోవచ్చు. కాలేజీ క్లాసు తప్పితే అది ఎక్కడికి దరఖాస్తు పెట్టినా వెంట వస్తుంది. అప్పటికి పిల్లకి పదహారేళ్లేనని అందులో ఎవరూ రాయరు.

నా భయమంతా ఆల్జీబ్రా గురించి. నెలరోజులుగా ఆ పుస్తకం వంటింటి బల్ల మీదికి రావడం లేదు. చరిత్ర పుస్తకం వస్తోంది. ఆల్జీబ్రా క్లాసు వచ్చే ఏడాది తీసుకోమని స్కూలు కౌన్సిలర్ చెప్పింది. ఇప్పుడే తీసుకుంటే హైస్కూలు పట్టాకి రెండు వారాల ముందే రెండేళ్ల కాలేజీ డిగ్రీ చేతికొస్తుందని లెక్కవేసి పట్టుబట్టి చేర్పించింది నేను. నా కుర్చీ వెనక గోడకి ఒక కాగితం అంటించాను. పైన అరసెలీ కాంతూ అని పేరు, కింద క్లాసుకొకటి చొప్పున ఇరవై గడులు. పూర్తయిన వాటికి ఆకుపచ్చ రంగు.

పొద్దున్న కంప్యూటర్లో అరసెలీ విద్యార్థి నంబరు కొట్టాను. చివరి అంకె దగ్గర వేలు ఆగింది. సొంతవాళ్ల రికార్డు తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఒడీలియా తల ఎత్తకుండానే అంది.

"కాఫీ తెచ్చుకో ఇమెల్దా. ఆ కీబోర్డుని కాసేపు ఊపిరి పీల్చుకోనీ."

మధ్యాహ్నం బంగాళాదుంప, గుడ్డు పెట్టి చుట్టుకొచ్చిన తోర్తియా రొట్టె విప్పి మళ్లీ చుట్టేశాను. మూడున్నరకి హైస్కూలు వదిలారు. ఇవాళ కౌంటర్‌కి వస్తున్నావా అని రెండు మెసేజీలు పెట్టాను. చూసినట్టుంది, జవాబు లేదు. వస్తే ఒక భయం, రాకపోతే ఇంకో భయం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా టోకెన్ నంబరు తప్పు పిలిచాను.

నాలుగూ నలభైకి వచ్చింది. బ్యాగు రెండు భుజాలకీ తగిలించుకుని, అందరిలాగే టోకెన్ తీసుకుని కూర్చుంది. దాని నంబరు నా కిటికీకే పడింది.

"పక్క కిటికీకి వెళ్లమ్మా," అన్నాను. సొంతవాళ్ల కాగితాలు మేం ముట్టుకోకూడదు.

బీరువా వైపు తిరిగి నిలబడ్డాను. వెనక కాగితం చప్పుడు. తర్వాత ఒడీలియా గొంతు.

"అమ్మాయ్, ఇది చూశావా? దీని ప్రకారం మీ నాన్న ఆల్జీబ్రా మానేస్తున్నాడు. నువ్వు ఆయన తల్లివి, సరేనన్నావు."

మా ఆయన రేనాల్దో విద్యార్థి గీత మీద సంతకం పెట్టాడు. అరసెలీ తల్లిదండ్రుల గీత మీద పెట్టింది. అంటే పొద్దున్న నేను తోర్తియాలు చుడుతుంటే, వాకిట్లో ట్రక్కు దగ్గర ఇద్దరూ ఈ పని కానిచ్చారన్నమాట. ఆయనకి తెలుసు.

కొత్త ఫారం కావాలి, కొత్త సంతకాలు కావాలి. రేనాల్దో పళ్ల ప్యాకింగ్ షెడ్డులో ఉన్నాడు. రావడానికి నలభై నిమిషాలు.

"తల్లి సంతకమైనా చెల్లుతుంది," అంది ఒడీలియా గోడ గడియారంతో చెబుతున్నట్టు. నాలుగూ యాభై ఒకటి.

కౌంటర్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. ఆ తల్లులంతా నిలబడే చోట నిలబడ్డాను. ఒడీలియా జరిపిన కొత్త ఫారం ముందు పెట్టుకుని, గొలుసు కట్టిన పెన్ను అందుకున్నాను.

"ఎంత వస్తోంది?" అడిగాను మెల్లగా.

"నువ్వు అందరికీ చెప్పే మాట ఉందిగా. అది నీకు నువ్వే చెప్పుకో అమ్మా."

"తెలీకుండా ఎలా పెట్టను?"

"నాన్న పెట్టాడు."

"ఎక్కడ పెట్టాడో చూశాంగా."

నవ్వబోయింది. అంతలోనే ఆపేసుకుంది. దాని చూపు నన్ను దాటి అద్దంలోంచి లోపలికి వెళ్లింది. నేనూ తిరిగి చూశాను. ఇటువైపు నుంచి గోడమీది ఆ గడుల కాగితం ఎప్పుడూ చూడలేదు. కుర్చీల్లో కూర్చున్న ప్రతివాళ్లూ అరసెలీ పేరు చదవొచ్చు, గడులు లెక్కపెట్టొచ్చు.

ఒకవేళ పాసుకి కొంచెం తక్కువగా, నూటికి అరవై అయిదు వస్తోందేమో. చివరి పరీక్షకి మూడోవంతు మార్కులుంటాయి, గట్టిగా కూర్చుంటే గట్టెక్కవచ్చు. సంతకం పెడితే ఒక గడి ఖాళీ, పట్టాకి ముందే డిగ్రీ అందుకునే ఆ రెండు వారాలు పోతాయి. పెట్టకపోతే, ఒకవేళ అరవై అయిదు కాకపోతే?

"నాలుగూ యాభై ఆరు," అంది ఒడీలియా.

గీత ఏదో రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాను. అరసెలీ తన గీత మీద పెట్టింది. యాభై ఎనిమిదికి స్టాంపు పడింది.

గోడమీది కాగితం తీసి, మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను. కారులో అరసెలీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రెండో సిగ్నల్ దాటాం.

"నలభై ఒకటి," అంది. "మూడో వారం నుంచే నాకేం అర్థం కాలేదు."

రోజంతా నేను భయపడింది అరవై అయిదుకి. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ఎన్ని వారాలో లెక్కపెట్టబోయి మానుకున్నాను.

"ఆ కాగితం తీసెయ్యమ్మా."

"తీసేశాను. సంచిలో ఉంది."

సంచి తెరిచి చూసింది. బయటికి తియ్యలేదు, మళ్లీ మూసేసింది.

మరి చరిత్ర ఎలా ఉందని నోటిదాకా వచ్చింది. ఆ క్లాసు గడువు కూడా ఐదుకే దాటిపోయింది. ముందున్న లైటు ఎర్రబడింది. బ్రేకు వేసి, ఆ లైటు వైపే చూస్తూ కూర్చున్నాను.